ఇనుప టోపీ పోయి బట్ట టోపీ ఎందుకొచ్చింది?

ప్రశ్న: మధ్యయుగాల యోధుల బొమ్మల్లో తలకి ఇనుప శిరస్త్రాణం ఉంటుంది. 1914 నాటి ఫొటోల్లో ఫ్రెంచి సైనికులేమో బట్ట టోపీల్లో ఉన్నారు, ఆ తర్వాత మళ్ళీ ఉక్కు హెల్మెట్లు. మధ్యలో తల సంగతి అందరూ మర్చిపోయారా?
– డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మర్చిపోలేదండీ, తెలిసే వదులుకున్నారు. కత్తి, గద, బాణం ఉన్నన్నాళ్ళూ కంచో ఇనుమో తలను కాసింది. తుపాకీ వచ్చాక లెక్క మారిపోయింది. తూటాను ఆపాలంటే రేకు మందం పెంచాలి, మందం పెంచితే బరువు, అంత బరువు నెత్తిన పెట్టుకుని రోజంతా నడిచే మనిషి ఇక యుద్ధం ఏం చేస్తాడు? అందుకే 17వ శతాబ్దం చివరికి యూరప్ కాల్బలం చాలావరకు ఇనుము తీసేసింది, గుర్రపు దళాల్లో కొన్ని మాత్రం ఉంచుకున్నాయి. అప్పటినుంచి టోపీ ఉండేది మనిషి ఎత్తుగా కనబడటానికి, ఆ పొగలో మనవాళ్ళెవరో తెలియడానికి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఫ్రెంచివాళ్ళది బట్ట టోపీ, జర్మన్లది పైన మొన ఉన్న తోలు టోపీ. అయితే ఆ యుద్ధం కందకాల్లోకి దిగింది. ఒళ్ళంతా మట్టి చాటున, తల మాత్రం పైన. ఫిరంగి గుండ్లు ఆకాశంలోనే పేలి ఇనుప ముక్కలు వానలా కురిసేవి. ఆ ముక్కలకి తూటా అంత వేగం ఉండదు కాబట్టి పలచటి ఉక్కు కూడా చాలావాటిని ఆపుతుంది. 1915లో ఫ్రెంచి సైన్యం ఆడ్రియన్ హెల్మెట్ తెచ్చింది, బరువు ముప్పావు కిలో దరిదాపే. బ్రిటన్ బ్రోడీ హెల్మెట్‌కి పళ్ళెంలాంటి వెడల్పు అంచు ఎందుకంటే ప్రమాదం పైనుంచి పడుతోంది కనుక. 1916లో జర్మన్లు చెవుల్నీ మెడనీ కూడా కప్పారు. నేరుగా వచ్చే రైఫిల్ తూటాను మాత్రం ఇవేవీ నమ్మకంగా ఆపలేవు, అయినా ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో! ఉక్కును పక్కకి నెట్టిన కెవ్లార్ అనే గట్టి కృత్రిమ పోగును 1965లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టారు, అమెరికా సైనికుల తలకెక్కేసరికి 1980లు వచ్చాయి.

ప్రశ్న: వెల్లూరు సిపాయిల తిరుగుబాటు ఒక తలపాగా కోసమే జరిగిందంటారు. నిజమా?
– గవర్నరుపేట, విజయవాడ

జవాబు: తలపాగా పెద్ద కారణమే, ఒక్కటే కారణం కాదు. గుంటూరు సర్కారు, అంటే ఆ ప్రాంతం, 1788లోనే ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళింది, మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళూ ఉండేవాళ్ళు, కాబట్టి ఇది మనకి దూరపు కథ కాదు. ఆ సైన్యానికి సేనాధిపతి క్రాడక్ హయాంలో కొత్త రకం తలపాగా పెట్టారు, చూడటానికి దొరల టోపీలా ఉంది, తోలు కుచ్చు ఒకటి. ఇక నుదుట బొట్టు వద్దు, గడ్డం వద్దు, చెవి పోగులు వద్దు. మతం మార్చేస్తారన్న భయం పట్టుకుంది. 1806 మేలో ఆ తలపాగా వద్దన్నవాళ్ళలో ఇద్దరికి 900 కొరడా దెబ్బల శిక్ష వేశారు. నెత్తిన ఏముండాలో తనకి చెప్పే హక్కు ఎవరికీ లేదని ఒక మనిషి అనుకుంటే దానికి ఆ శిక్షా! వెల్లూరు కోటలోనే టిప్పు కొడుకులు బందీలుగా ఉండటం కూడా నిప్పు రాజేసింది. జులై 10 తెల్లవారకముందే సిపాయిలు లేచారు, వంద మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. ఆర్కాటు నుంచి బ్రిటిష్ అధికారి గిల్లెస్పీ గుర్రపు దళంతో వచ్చి అదే రోజు అణిచేశాడు, సిపాయిలను వందల్లో చంపారు. ఆ తర్వాత కంపెనీ కొత్త తలపాగా ఉత్తర్వును రద్దు చేసింది, క్రాడక్‌నీ మద్రాసు గవర్నర్ బెంటింక్‌నీ ఇంగ్లండుకి వెనక్కి పిలిపించింది.