పగటి ప్రదర్శనలో పైరోసిస్టిస్ ఎందుకు వెలగలేదు?

నమస్కారం. గాజు గోళంలో మీరు పెంచిన పైరోసిస్టిస్ (నీరు కుదిపితే మెరిసే సముద్రపు ఏకకణ జీవులు) ఇంట్లో రాత్రిపూట నీలంగా మెరిసినా, ప్రదర్శనశాలలో మధ్యాహ్నం ఎంత కదిపినా వెలగలేదని రాశారు. అవి చనిపోయి ఉండవనే నా అభిప్రాయం. ఈ ఏకకణ జీవులకు తమదైన జీవగడియారం ఉంటుంది కనుక, గదిని చీకటి చేసినంత మాత్రాన పగటివేళ అవి వెలగవు. ప్రదర్శనకు వారం ముందు నుంచే టైమర్ అమర్చి, రాత్రి 12 గంటలు తెల్లని ఎల్‌ఈడీ వెలుతురు, పగలు 12 గంటలు పూర్తి చీకటి ఇస్తూ వాటి రాత్రిని మన పగటిలోకి జరపండి. ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. నేరుగా ఎండ తగలకూడదు.

ఇక గోళంలోకి బుడగలు వదలడానికి మీరు పెట్టిన గాలి పంపును తీసేయమనే చెబుతాను. నీటి కుదుపు తగిలి కణం మెరిసిన ప్రతిసారీ అందులో వెలుగు పుట్టించే లూసిఫెరిన్ అనే పదార్థం కొంత ఖర్చవుతుంది. బుడగలు గంటల తరబడి కుదుపుతూ ఉంటే సందర్శకులు వచ్చేసరికి పెద్దగా ఏమీ మిగలదు, ఆ నిల్వ మళ్లీ నిండాలంటే మరో వెలుతురు పూట గడవాల్సిందే. గోళాన్ని చేత్తో ఒక్కసారి మెల్లగా తిప్పి చూడండి, సుడి వెంట నీలిగీత సాగి అంతలోనే ఆరిపోతుంది (చదువుకోవడానికి పనికొచ్చే దీపం కాదు లెండి). లోపలికి వచ్చినవారిని ముందుగా 10 నిమిషాలు చీకట్లో కూర్చోబెడితే, ఆ గీత వారికి స్పష్టంగా కనిపిస్తుంది.