మాడు పల్చబడిందని అప్పుడే ఆపరేషనా?

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి దీవెనలు. నడినెత్తి మీద జుట్టు పల్చబడి సుడి దగ్గర చర్మం కనిపిస్తోందనీ, ఆపరేషన్ చేసి అక్కడ 2,500 గ్రాఫ్టులు (తల వెనక నుంచి తీసి నాటే వెంట్రుక కుదుళ్లు) వేస్తామని బెజవాడలో ఎవరో చెప్పారనీ, అడ్వాన్సు కట్టడమే తరువాయి అనీ వదిన ఫోన్లో చెప్పింది. ఆ అడ్వాన్సు ఇప్పుడు కట్టకు. నీకింకా ఇరవై మూడేళ్లే. ఒక్క ఏడాది ఆగు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

ముందు అది ఏ రకం ఊడటమో తేలాలి. టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరాలు వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు తలంతా ఒకేలా రాలుతుంది, ఆ తర్వాత దానంతటదే తిరిగి వస్తుంది. పేనుకొరుకుడైతే రూపాయి బిళ్లంత మేర నున్నగా అవుతుంది, దాని వైద్యం వేరు. వంశపారంపర్యంగా వచ్చేదాంట్లో వెంట్రుక ఉన్నట్టుండి ఊడిపోదు. డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావంతో కుదురు ఏడాదికేడాది చిక్కిపోయి, లావు వెంట్రుక మొలిచే చోట నూగు మొలుస్తుంది. చర్మవ్యాధుల డాక్టరు డెర్మోస్కోపు (చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దం) పెట్టి చూస్తే లావువీ సన్నవీ పక్కపక్కనే కనిపిస్తాయి. దాంతోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, డి విటమిన్ చూపించుకో. గుంటూరు పెద్దాసుపత్రిలో గానీ మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ చర్మవ్యాధుల ఓపీకి వెళ్తే తక్కువ ఖర్చుతో తేలిపోతుంది. జుట్టు నాటే చోటే నాటాలా వద్దా అని అడిగితే వద్దనే జవాబు రావడం అరుదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు బెంగపడుతున్న ఆ నడినెత్తే మందులు బాగా పనిచేసే చోటు. మినాక్సిడిల్ అనే లోషన్, ఫినాస్టెరైడ్ అనే మాత్ర, ఈ రెంటినీ పరీక్షించింది ప్రధానంగా మాడు మీదే. నుదుటి మూలల్లో అవి అంత బాగా పనిచేయవు. మందుకు లొంగే చోట ముందే ఆపరేషన్ చేయించుకోవడం తొందరపాటు.

మినాక్సిడిల్ 5 శాతం లోషన్ పూటకు ఒక మిల్లీలీటరు, రోజుకు రెండు పూటలు. తల పొడిగా ఉన్నప్పుడు పాయ తీసి చర్మానికి తగిలేలా రాయాలి. వెంట్రుకలకు పూస్తే దండగ. నాలుగు గంటలు తడపకూడదు, రాశాక చేతులు కడుక్కోవాలి. మీ ఇంట్లో పిల్లి ఉంది కదా, దాన్ని దిండు దగ్గరికి రానివ్వకు, ఈ మందు పిల్లులకు విషం. మొదటి రెండు నెలల్లో జుట్టు ఎక్కువగా రాలవచ్చు. చాలామంది ఆ రాలడం చూసి హడలిపోయి మానేస్తారు. కొత్త వెంట్రుక పాతదాన్ని తోసేయడం వల్ల జరిగేదే అది. నాలుగో నెల దాకా తేడా తెలియదు, ఏడాదికి గానీ ఫలితం తేలదు. మానేస్తే మాత్రం కొన్ని నెలల్లోనే వచ్చింది పోతుంది.

ఫినాస్టెరైడ్ రోజుకు 1 మిల్లీగ్రాము మాత్ర. అమెరికాలో మగవాళ్ల బట్టతలకు దీన్ని 1997లో అనుమతించారు. రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది. డాక్టరు రాయకుండా మందుల షాపులో నువ్వే కొనుక్కోకు. కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది లాంటివి ప్రయోగాల్లో ఒక్కొక్కటీ నూటికి ఇద్దరిలోపే కనిపించాయి. కొందరికి మనసు దిగాలుపడుతుంది, మానేశాక కూడా ఇబ్బంది పోలేదని చెప్పేవాళ్లూ ఉన్నారు. అలాంటిది ఏ కాస్త అనిపించినా సిగ్గుపడి దాచకు, వెంటనే డాక్టరుకు చెప్పు. వాడుతున్నన్నాళ్లూ, ఆపిన నెల వరకూ రక్తదానం చేయకూడదు. పగిలిన మాత్రను కడుపుతో ఉన్న ఆడవాళ్లు ముట్టుకోకూడదు.

ఇక నాటడం గురించి. ఇది మన డెల్టా నాట్ల లాంటిదే, ఒక్క తేడా ఉంది. నారు చాలకపోతే పక్క రైతు దగ్గర తెచ్చుకోవచ్చు. తలలో నారుమడి ఒక్కటే, మెడ పైన వెనక భాగం. అక్కడినుంచి తీసిన కుదురు స్థానంలో మళ్లీ మొలవదు. జీవితమంతా కలిపి తీయగలిగింది సామాన్యంగా 6,000 కుదుళ్లు, కాస్త అటూఇటూ. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. (వాళ్లు చెప్పిన 2,500 నిజంగా కుదుళ్ల లెక్కేనా, వెంట్రుకల లెక్కా అని అడగాల్సింది. లెక్క అక్కడే మారిపోతుంది.)

పది సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి మాడు అంటే సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 35 చొప్పున వేసినా 2,700 కుదుళ్లు కావాలి. నీ నారులో దాదాపు సగం అక్కడే ఖర్చు. పైగా సుడి దగ్గర వెంట్రుకలు నలుదిక్కులకీ విడిపోతాయి. ముందు జుట్టు తాటాకు కప్పులా ఒకదానిమీద ఒకటి పడి కప్పుతుంది, సుడి దగ్గర ఆ కప్పు ఉండదు. అందుకే అదే సంఖ్య ముందు వేస్తే నిండుగా, మాడు మీద వేస్తే పల్చగా కనిపిస్తుంది. ఎదుటివాళ్లు చూసేది నీ నుదురు. రేపు నుదుటి జుట్టు వెనక్కి జరిగితే దానికి నారు మిగలాలి కదా.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. నాటిన కుదురు సామాన్యంగా బట్టతలకు లొంగదు, చుట్టూ ఉన్న నీ సొంత వెంట్రుక ఊడుతూనే ఉంటుంది. ఇరవై మూడేళ్లకు మాడు నింపేస్తే, ముప్పై అయిదుకు మధ్యలో ఒక గుత్తి, దాని చుట్టూ గాజులా బట్ట మిగులుతుంది. అది బట్టతలకంటే వికారం. దాన్ని పూడ్చడానికి మళ్లీ నారు. అలా తీస్తూపోతే తల వెనక అక్కడక్కడా చెదలు తిన్నట్టు కనిపిస్తుంది. నీ బట్టతల ఎంతవరకు వెళ్లి ఆగుతుందో ఈ వయసులో ఏ డాక్టరూ చెప్పలేడు. మీ నాన్నకు నలభై దాటాకే మాడు బయటపడింది, మీ మేనమామకు ముప్పైలోపే నుదురూ మాడూ కలిసిపోయాయి. నీది రెండువైపుల నుంచీ వచ్చే ఆస్తి. ఆపరేషన్ తాలూకు దెబ్బకు పక్కనున్న నీరసపు వెంట్రుకలు రాలడం కూడా ఉంటుంది, వాటిలో కొన్ని తిరిగి రావు.

ఏడాది మందు వాడి, నెలనెలా ఒకే చోట, ఒకే దీపం కింద, తల పొడిగా ఉండగా ఫోటో తీయించుకో. తడితలతో ట్యూబులైటు కింద ఎవరికైనా మాడు కనిపిస్తుంది, ఆ ఫోటో చూసి కుంగిపోకు. ఊడటం నిలిచిందని ఫోటోలు చెబితే అప్పుడు మాట్లాడదాం.

అప్పటికీ కావాలనిపిస్తే, ఎవరు చేస్తారో అడుగు. దేశంలో డాక్టర్ల చదువునూ వృత్తినీ నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇది ప్లాస్టిక్ సర్జరీలోనో చర్మవ్యాధుల్లోనో చదువుకుని శిక్షణ పొందిన డాక్టరు చేయాల్సిన పని. "డాక్టరు గారు చూసుకుంటారు, మావాళ్లు తీస్తారు" అంటే అక్కడినుంచి లేచి వచ్చేయి. ఈసీజీ, షుగరు, రక్తపరీక్షలు చేయించకుండా బల్లెక్కించినా అంతే. మత్తు మందు మోతాదు అడగడానికి మొహమాటపడకు. ఎడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ బరువును బట్టి కిలోకు 7 మిల్లీగ్రాములు మించకూడదు. నీ 60 కిలోలకు 420, అంటే 2 శాతం మందు 21 మిల్లీలీటర్లు. ఎక్కువ కుదుళ్లు ఒకేరోజు తీయాలని ఆత్రపడే చోట గీత దాటేది ఇక్కడే, అది ప్రాణం మీదికి తెస్తుంది.

పెళ్లి ముహూర్తం ముందు పెట్టుకుని మాత్రం చేయించుకోకు. నాటిన వెంట్రుకలు మొదటి నెలలోనే రాలిపోతాయి, మూడు నాలుగు నెలలకు మొలకెత్తుతాయి, మాడు మీద పూర్తిగా కనిపించడానికి ఏడాదిన్నర కూడా పట్టవచ్చు. మాడు మీద నాటాక వెల్లకిలా పడుకుంటే దిండుకు రాసుకుంటుంది. మెడ కింద పెట్టుకునే గుండ్రటి దిండు ముందే కొనిపెట్టుకో, తల ఎత్తుగా ఉంచుకుని పడుకో. రెండు వారాలు హెల్మెట్ పెట్టడానికి వీల్లేదు, కాబట్టి బండి ఎక్కకు, ఆటోలో తిరుగు. నెల రోజులు కృష్ణలో స్నానం వద్దు. మన ఏప్రిల్, మే ఎండలో, చెమటలో ఈ పని పెట్టుకోకు, కార్తీకం దాటాక చూసుకో. కొండమీద అమ్మవారికో, తిరుమలలోనో తలనీలాల మొక్కు ఉంటే ఆపరేషన్‌కు ముందే తీర్చేసుకో. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాట నమ్మకు గానీ, కొత్తగా నాటిన తల మీద కత్తి ఆడించకూడదు.

మొదటి ఫోటో ఈ ఆదివారమే తీయించుకుని, ఓపీ చీటీతో కలిపి ఒక కవరులో పెట్టుకో.

ఇట్లు,
మీ బాబాయి