‘తల్లిదండ్రులను సన్మానించుము’ అంటే చెప్పిందల్లా వినడమేనా?

కాదు, బైబిల్లో నిర్గమకాండము 20:12లోని ఆ ఆజ్ఞలో మర్యాదతో పాటు పెద్దవయసులో వాళ్లను చూసుకోవడమూ ఉంది. ‘సన్మానించుము’ అన్నచోట ఉన్న హీబ్రూ మాటకు మూలార్థం ‘బరువు’; అంటే వాళ్లను తేలిగ్గా తీసిపారేయకూడదు. తల్లిదండ్రులకు అందాల్సినదాన్ని ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పించేశాం అని చెప్పి తప్పించుకోవడాన్ని మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు గట్టిగా ఖండించాడు. కడప నుంచి కువైట్ పోయిన కొడుకు నెలనెలా చర్చికి దశమభాగం పంపుతూ, ఊర్లో అమ్మ బీపీ మాత్రలకు పక్కింట్లో చేయి చాపేలా వదిలేస్తే అచ్చం అదే తప్పు. (కానుక మానేయమని కాదు, మాత్రలు ముందు.)

చాలామంది దీన్ని చిన్నపిల్లల ఆజ్ఞ అనుకుంటారు. పిల్లలకు విధేయత గురించి ఎఫెసీయులకు 6:1 చెబుతుంది, అదీ ‘ప్రభువునందు’, అంటే దేవుని మాటకు లోబడి ఉన్నంతవరకే. పెద్దవాడైన కొడుకు ‘నాకు కట్నం వద్దు’ అని నాయన మాట కాదంటే అగౌరవం కాదు. నలుగురిలో కసురుకుంటే మాత్రం అగౌరవమే.