అడ్వాన్స్ కోసం అప్పు చేస్తే జీతం పెరిగి ఏం లాభం?

ప్రశ్న: శ్రీకాకుళంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. రెండు ఆఫర్లు వచ్చాయి. హైదరాబాద్‌లో అయితే చేతికి రూ.62,000, బెంగళూరులో రూ.75,000. అద్దె హైదరాబాద్‌లో 18,000, బెంగళూరులో 25,000. మిగతా ఖర్చులు ఎక్కడైనా 30,000 అనుకుంటున్నాను. భార్య, నాలుగేళ్ల పాప నాతో వస్తారు. అమ్మానాన్నలు ఇక్కడే ఉంటారు. ఎఫ్‌డీలో రూ.1.80 లక్షలున్నాయి. బెంగళూరు ఇంటికి ఆరు నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు. ఎఫ్‌డీ కదపకుండా 16 శాతం వడ్డీకి మూడేళ్లకు రూ.3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మీ లెక్కలో బెంగళూరులో 20,000, హైదరాబాద్‌లో 14,000 మిగులుతున్నాయి. ఆ ఆరు వేల తేడా చూసే కదా బెంగళూరు వైపు మొగ్గారు! మీరనుకుంటున్న లోనుకు ఈఎంఐ సుమారు రూ.10,550. అది కట్టాక బెంగళూరులో మిగిలేది రూ.9,450. అంటే మూడేళ్లపాటు హైదరాబాద్ కంటే నాలుగున్నర వేలు తక్కువే. వడ్డీయే దాదాపు 80 వేలు అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఓనరు దగ్గర పైసా వడ్డీ లేకుండా పడి ఉండే డబ్బుకు మీరు 16 శాతం కడతారా? పైగా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకోవడం అక్కడ మామూలు. అగ్రిమెంటులో ఆ షరతు చూశాకే సంతకం పెట్టండి.

ఊరు మారేవాళ్లు చాలామంది నెల ఖర్చే పోల్చుకుంటారు. కొత్త ఊళ్లో దిగడానికయ్యే ఖర్చు, దిగాక చేతిలో ఎంత ఉంటుందన్నది చూడరు. అత్యవసర నిధిని కొత్త ఊరి ఖర్చుతో కొలవాలి. ఆరు నెలలకు హైదరాబాద్‌లో రూ.2.88 లక్షలు, బెంగళూరులో రూ.3.30 లక్షలు ఉండాలి. మీ దగ్గరున్నది 1.80. అప్పు లేకుండా వెళితే బెంగళూరులో అడ్వాన్స్ లక్షన్నర పోగా మిగిలే 30 వేలు బ్రోకరుకు, సామాను లారీకే చాలవు. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్స్ 36,000 కట్టినా 1.44 లక్షలుంటాయి. బ్రోకరు, లారీ పోనూ రెండు నెలలకు సరిపోతుంది. అదీ తక్కువే, కానీ సున్నా కాదు.

మొదటి జీతం సంగతీ ఉంది. నెల మధ్యలో పేరోల్ కటాఫ్ (ఆ నెల జీతాల లెక్క ముగించే తేదీ) దాటాక చేరితే ఆ రోజుల జీతం వచ్చే నెలాఖరుకే పడుతుంది. నలభై రోజులు సొంత డబ్బుతో గడపాలి. పైగా ప్రొబేషన్‌లో, అంటే ఉద్యోగం ఖాయం కాకముందు, నోటీసు గడువు తక్కువ. ఈఎంఐ నెత్తిన పెట్టుకుని ఉండాల్సిన సమయమేనా అది?

ఆరోగ్య బీమా: పాత కంపెనీ గ్రూపు పాలసీ మీ చివరి పనిరోజుతోనే ఆగిపోవచ్చు. కొత్తదాంట్లో అమ్మానాన్నలకు కవర్ ఉందో లేదో అడగండి. సొంత పాలసీ శ్రీకాకుళం చిరునామాతో ఉంటే జోన్ (ఊరిని బట్టి ప్రీమియం వేసే విభాగం) చూడండి. కొన్ని పాలసీల్లో చిన్న ఊరి ప్రీమియం కట్టి పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మీరే భరించాలి.

ప్రొఫెషనల్ ట్యాక్స్ రెండుచోట్లా దాదాపు ఒకటే. కొత్త పన్ను విధానంలో అద్దెకు మినహాయింపు రాదు. ఆమదాలవలసలో (శ్రీకాకుళం రోడ్ స్టేషన్) రాత్రి రైలెక్కితే తెల్లారేక సికింద్రాబాద్‌లో ఉంటారు. బెంగళూరుకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజు దాటుతుంది. సంక్రాంతికి ముగ్గురి రానుపోను ఖర్చు, సెలవులు కూడా లెక్కలో వేసుకోండి. బండి తీసుకెళ్తే ఇక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఏడాది దాటితే అక్కడ రిజిస్ట్రేషన్ మార్చి లైఫ్ ట్యాక్స్ కట్టాలి.

కుటుంబంతో ఇప్పుడే వెళ్లాలంటే హైదరాబాద్. బెంగళూరు ఉద్యోగమే నచ్చితే ఆరు నెలలు ఒక్కరే పీజీలో ఉండండి. పీజీకి 14,000, మీ ఖర్చుకు 6,000, ఇంటికి 20,000 పోనూ నెలకు 35,000 మిగులుతుంది. ఆరు నెలల్లో 2.10 లక్షలు. ఎఫ్‌డీతో కలిపితే 3.90. అందులో అడ్వాన్స్ కట్టినా నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. పాపను కొత్త విద్యాసంవత్సరం మొదట్లో చేర్పిస్తే ఫీజు రెండుసార్లు కట్టే పని ఉండదు. ఈలోగా రీలొకేషన్ ఖర్చులిస్తారేమో హెచ్‌ఆర్‌ను అడగండి. ఇస్తామంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతుందేమో ఆఫర్ లెటర్‌లో చూసుకోండి.