ఏథెన్స్ వెండి నాణేల ఉత్పత్తి మరీ తక్కువ వస్తోందా?

అచ్చుకు (నాణెంపై బొమ్మ కొట్టే లోహపు ముద్రకు) 20,000 నాణేల చొప్పున ఉత్పత్తి లెక్కేస్తూ, మీరు 60 టెట్రాడ్రామ్‌లలో (నాలుగు డ్రాక్మాల వెండి నాణేల్లో) కనిపించిన 40 అచ్చులనే మొత్తం అచ్చులుగా తీసుకున్నారు. తేడా అక్కడే వచ్చింది: ఈ నాణేల్లో కనిపించని అచ్చులు లెక్కలోకి రాలేదు.

1. బొమ్మ వైపు, అంటే ఎథీనా తల ఉన్న అచ్చులే లెక్కించండి. గుడ్లగూబ వైపు అచ్చు నేరుగా సుత్తి దెబ్బలు తిని త్వరగా పాడవుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఒకే నాణెం రెండు మూడు వేలం కేటలాగుల్లో కనిపిస్తుంది. అంచు పగులు ఎక్కడుంది, బొమ్మ ఎటు జరిగింది అని ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే ఒక్కసారే లెక్కేయండి. లేకపోతే అంచనా పడిపోతుంది.

3. ఆ తర్వాత కూడా 60 నాణేలు, 40 అచ్చులు అలాగే నిలిస్తే, కనిపించనివి కూడా కలిపి మొత్తం అచ్చుల అంచనా: 60×40÷(60−40) = సుమారు 120 అచ్చులు.

4. అచ్చుకు 20,000 నాణేలన్నది ఊహే. 10,000, 30,000తో కూడా వేయండి: 12 నుంచి 36 లక్షల నాణేలు. టాలెంటుకు (6,000 డ్రాక్మాలకు) 1,500 నాణేల చొప్పున 800 నుంచి 2,400 టాలెంట్లు.