దస్తావేజుల్లో దొరికిన మేనత్తలు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

వంశవృక్షం కోసం అక్కడేదో సైటుకి డాలర్లు కట్టావట. మన ఇంటిపేరు కొడితే ఎవరెవరో వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. రారా మరి! ఆ సైట్లు ఎక్కువగా చర్చి పుస్తకాలు, పాత జనాభా లెక్కల మీద నడుస్తాయి. మన దగ్గర జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు బయటికివ్వరు, 1948 చట్టం ఒప్పుకోదు. మనవాళ్ల జాడ భూమి కాగితాల్లో ఉంటుంది. ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, నా మాట విను.

ముందు మీభూమి అనే ప్రభుత్వ భూరికార్డుల సైట్లో మన పొలాల సర్వే నంబర్లు చూసి రాసుకో. బ్రిటిష్ వాళ్ల కాలంలో సర్వే నంబరు వారీగా పట్టాదారు పేర్లతో వేసిన రిజిస్టరు డైగ్లాట్. దాని సంగతి ఇక్కడ నేను చూస్తాను. మీ అమ్మమ్మ వాళ్లది జమీందారీ గ్రామం కాబట్టి అక్కడ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఏ భూమి ఎవరిదో తేల్చిన సెటిల్‌మెంటు కాగితాలు అడగాలి.

పాత కాగితాల్లో జిల్లా పేరు చూసి కంగారుపడకు. మన ఏలూరు పక్కన ఊళ్లు 1904 దాకా గోదావరి జిల్లా, ఆ తర్వాత కృష్ణా, 1925 నుంచి పశ్చిమగోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంగ్లీషు కాగితాల్లో ఏలూరుని 'ఎల్లోర్' అని వెతుకు.

ఈసీ, అంటే ఒక భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. దస్తావేజు నంబరు, సంవత్సరం దొరికితే నకలు తీయించవచ్చు. అన్నదమ్ముల భాగపరిష్కార దస్తావేజు ఒక్కటి దొరికిందా, నీ పని సగం అయినట్టే. ఎవరి కొడుకు ఎవరో, ఎవరికి ఏ పొలం చెక్క వచ్చిందో అన్నీ ఉంటాయి.

మనవాళ్లు రాసుకున్న వంశవృక్షాల్లో ఆడపిల్లలు ఉండరు. పసుపుకుంకుమల కింద పొలం రాసిచ్చిన కాగితాల్లో మాత్రం ఉంటారు. మా తాతకి ఇద్దరు చెల్లెళ్లున్నారని మాకెవరికీ తెలియదు. అరెకరం చొప్పున రాసిచ్చిన రెండు దస్తావేజుల్లో వాళ్ల పేర్లు, అత్తవారి ఊళ్లు, మొగుళ్ల పేర్లతో సహా దొరికాయి. ఒకావిడ మునిమనవడు నా క్లాస్‌మేటే! పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చుని కొట్టుకున్నాం.

తాత పేరు మనవడికి పెట్టే అలవాటుతో మాత్రం జాగ్రత్త. నేనోసారి ఇద్దరినీ ఒక్కరే అనుకుని రెండేళ్లు తప్పుదారిలో పోయాను. పేరు పక్కన తండ్రి పేరు కలిస్తేనే మనిషి కలిసినట్టు.

ఇవన్నీ తర్వాత. ఈ ఆదివారం మీ పెద్దమేనత్తకి ఫోన్ చెయ్యి. ఇక్కడి పొద్దున పూటే చెయ్యి, సాయంత్రమైతే చెవి మిషన్ తీసేస్తుంది.

మీ పెదనాన్న