తమ్ముడికి నా నమ్మకం గురించి చెప్పకూడదా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం పెద్ద జబ్బు చేసింది. ప్రార్థనే నన్ను నిలబెట్టింది. తమ్ముడికి దేవుడంటే నమ్మకం లేదు. వాడికీ ఈ ప్రశాంతత దక్కాలని రోజూ పొద్దున్నే ఫోన్‌లో దేవుడి మెసేజ్‌లు పంపుతున్నాను. పోయిన నెల ఇంటికొస్తే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాను. విసురుగా లేచి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు. నా నమ్మకం చెప్పుకునే హక్కు నాకు లేదా?

జవాబు: ఉందమ్మా. 1948లో ఐక్యరాజ్యసమితి వెలువరించిన మానవ హక్కుల ప్రకటనలో 18వ అధికరణం ఆ హక్కు గురించే. మీ నమ్మకాన్ని వెల్లడించే స్వేచ్ఛతో పాటు, మీ తమ్ముడు తన మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకునే స్వేచ్ఛ కూడా అందులోనే ఉంది. కష్టకాలంలో మిమ్మల్ని కాపాడినదాన్ని తోడబుట్టినవాడి దగ్గర దాచుకోమని నేను చెప్పను. నేనూ రోజూ ప్రార్థన చేసుకునే మనిషినే.

కానీ ఒక్కసారి ఫోన్ తీసి, మీరు పంపిన మెసేజ్‌లు మొదటి నుంచీ చూడండి. ఎవరో రాసినవి ఫార్వర్డ్ చేసినవే ఎక్కువ ఉంటాయి. వాటి మధ్యలో ‘ఎలా ఉన్నావురా’ అన్న మాట ఎన్నిసార్లుంది? రిపోర్ట్ కోసం ఎదురుచూసిన రాత్రి మీరు పడ్డ భయం గురించి మీ సొంత మాట ఒక్కటైనా ఉందా? అసలు వినాల్సిన కథ అతనికింకా చేరలేదేమో.

అతను లేచి వెళ్లిపోవడాన్ని దేవుడి మీద కోపమనుకోకండి. తన స్వేచ్ఛను ఎవరో లాగేసుకుంటున్నారనిపిస్తే మనిషి ముందు దాన్ని కాపాడుకోవాలని చూస్తాడు, చెప్పేది మంచిదైనా సరే ఎదురు తిరుగుతాడు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1966లోనే దీన్ని సిద్ధాంతంగా వివరించారు. తల మీద మీ చెయ్యి పడ్డాక అతనికి మిగిలిన దారులు రెండే: నమ్మినట్టు నటించడం, లేదా లేచిపోవడం. అతను నటించలేదు. అది మీ మీద గౌరవమే అనిపిస్తోంది నాకు.

ముందు క్షమాపణ చెప్పండి. ‘ఆ రోజు నిన్ను అడక్కుండా అలా చేయడం తప్పేరా, ఇంకెప్పుడూ చెయ్యను’ అంటే చాలు. దాని వెనక ‘కానీ’ అని మొదలుపెట్టకండి. రోజువారీ ఫార్వర్డ్‌లు ఆపేయండి.

మళ్లీ కలిసినప్పుడు అతను ఎందుకు నమ్మడో అడిగి, పూర్తిగా వినండి. ఏదో దెబ్బ తగిలి ఉంటుందని ముందే అనుకోవద్దు. బాగా ఆలోచించే ఆ నిర్ణయానికి వచ్చి ఉండొచ్చు, అతని జీవితంలో ఏ వెలితీ లేకపోవచ్చు. ఆ తర్వాత ‘జబ్బు పడ్డప్పుడు నాకేమైందో చెప్పనా?’ అని అడగండి. వద్దంటే మొహం మాడ్చుకోకుండా వేరే మాటల్లోకి వెళ్లండి. సరే అంటే మీకు జరిగింది మాత్రం చెప్పండి, ‘నువ్వు కూడా...’ అన్న మాట రానివ్వకండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. అతనికి కష్టం వచ్చిన రోజున ‘దేవుణ్ణి నమ్మి ఉంటే ఇలా అయ్యేదా’ అనకండి. ఆ మాట ఏళ్ల తరబడి గుచ్చుకుంటుంది. అప్పుడు వెళ్లి పక్కన కూర్చోండి. అతని కోసం మనసులో చేసుకునే ప్రార్థనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అతను ఎప్పటికీ నమ్మకపోవచ్చు. అయినా మీకు తమ్ముడే కదా. ఈ సాయంత్రమే ఆ క్షమాపణ పంపండి. వెంటనే బదులు రాకపోతే కంగారుపడి ఇంకొకటి పంపకండి, అతనికి కొంత టైమ్ ఇవ్వండి.